షాట్‌గన్‌తో రాష్ట్రాలు దాటడం ఎలా: ఎడిసన్ నుంచి స్పార్టా దాకా

ఆగస్టులో ఇల్లినాయ్‌లోని స్పార్టాకు వెళ్తే ఊరు కనబడక ముందే చప్పుడు వినబడుతుంది. అమెరికా ట్రాప్ షూటింగ్ వాళ్ల పెద్ద జాతర, గ్రాండ్ అమెరికన్, జరిగేది అక్కడే. మూడున్నర మైళ్ల పొడవున వరసగా 120 ట్రాప్ మైదానాలు ఉంటాయి. 2005 వరకు ఈ జాతర ఒహాయోలోని వాండేలియాలో జరిగేది, 2006లో స్పార్టాకు మారింది. గాలిలోకి ఎగిరే మట్టి పళ్లేన్ని, ఒక్క తూటాలోంచి చిన్న చిన్న గుళ్లు చిమ్మే షాట్‌గన్‌తో పగలగొట్టే ఈ ఆట తెలుగువారికి మరీ పరాయిదేమీ కాదు. హైదరాబాద్‌కు చెందిన కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో పాల్గొన్నది ట్రాప్‌లోనే. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఆయన వ్యక్తిగత కాంస్యం, జట్టు స్వర్ణం తెచ్చారు.

ఆట నేర్చుకోవడం తేలిక, తుపాకీని అక్కడికి చేర్చడమే కష్టం. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో కారు తీస్తే న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, కాస్తంత వెస్ట్ వర్జీనియా, ఒహాయో, ఇండియానా, ఇల్లినాయ్: ఆరు రాష్ట్రాలు, 900 మైళ్ల పైమాటే. మన దేశంలో ఆయుధ లైసెన్సు మీదే అది రాష్ట్రం వరకే చెల్లుతుందా, దేశమంతా చెల్లుతుందా అన్నది రాసి ఉంటుంది. అమెరికాలో సామాన్య పౌరుడి తుపాకీకి దేశమంతా చెల్లే కాగితం అంటూ ఏదీ లేదు. ప్రతి సరిహద్దు దగ్గరా చట్టం మారుతుంది. కాబట్టి తుపాకీ పెట్టె సర్దడానికి ముందే కొన్ని పనులున్నాయి.

ముందు మీ వీసా చూసుకోండి

తుపాకీ ఏ రాష్ట్రంలో చట్టబద్ధం అనే ప్రశ్నకు ముందు, మీ చేతిలో అది చట్టబద్ధమేనా అని అడగండి. మన వాళ్లలో చాలామంది ఈ ప్రశ్నను దాటేస్తారు. హెచ్1బీ, హెచ్4, ఎల్1, ఎఫ్1, సందర్శకుల బీ2... ఇవన్నీ తాత్కాలిక వీసాలు. ఈ వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని అమెరికా కేంద్ర ప్రభుత్వ (ఫెడరల్) చట్టం నిషేధిస్తుంది. 2022 సవరణ తర్వాత దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. ఇక్కడ "దగ్గర ఉంచుకోవడం" అంటే కొనడం ఒక్కటే కాదు. రేంజిలో (కాల్పుల సాధన మైదానంలో) మిత్రుడి తుపాకీ తీసుకుని రెండు తూటాలు పేల్చినా అదే లెక్క.

గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ140 దరఖాస్తుకు ఆమోదం వచ్చి పదేళ్లుగా వరసలో నిలబడ్డాం కదా అంటారేమో. వరసలో ఎంతకాలం నిలబడ్డా స్టేటస్ మారదు. గ్రీన్ కార్డు చేతికి వచ్చాక ఈ నిషేధం మీకు వర్తించదు.

తాత్కాలిక వీసా వారికి చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది: ఏదైనా ఒక అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది మీరున్న రాష్ట్రానిదే కావాలని లేదు, నిజంగా వేటకు వెళ్లాలనీ లేదు. సాధారణంగా వేట భద్రతా శిక్షణ పూర్తి చేస్తే లైసెన్సుకు అర్హత వస్తుంది. ట్రాప్ ఆడే హెచ్1బీ మిత్రులు జింక ముఖం చూడకపోయినా ఏటా వేట లైసెన్సు ఎందుకు కొంటారో ఇప్పుడు అర్థమై ఉంటుంది. గడువు తేదీని మాత్రం ఫోను క్యాలెండరులో పెట్టుకోండి. లైసెన్సు గడువు తీరిన మర్నాడు అదే తుపాకీ మీ ఇంట్లో ఉండటమే నేరం. రాష్ట్ర చట్టం అదనంగా ఏమైనా అడుగుతుందా అన్నది వేరుగా చూసుకోవాలి.

ఇంకొకటి. వేసవిలో ఊరి నుంచి వచ్చిన నాన్నగారినో మామగారినో సరదాగా రేంజికి తీసుకెళ్లి, వారి చేతికి తుపాకీ ఇచ్చి ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టడం చాలా ఇళ్లలో జరుగుతుంది. బీ2 వీసా మీద, వేట లైసెన్సు లేకుండా ఉన్న పెద్దాయన చేత నేరం చేయించి, దానికి సాక్ష్యాన్ని కూడా మనమే తయారు చేసి పెట్టడం అది. తెలిసి ఇచ్చిన మనదీ నేరమే. ఆయనకు చెవులు మూసుకునే మఫ్‌లు ఇచ్చి వెనక కుర్చీలో కూర్చోబెట్టండి. పళ్లెం పగిలినప్పుడు చప్పట్లు కొడతారు.

గంజాయి సంగతీ చెప్పాలి. న్యూజెర్సీలో దుకాణంలో అమ్మినా, ఫెడరల్ చట్టం దృష్టిలో దాన్ని వాడేవారికి తుపాకీ అర్హత లేదు. కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్న హెచ్చరికతో సహా ఉంటుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, తుపాకీ నేరంలో శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవారినీ దేశం నుంచి పంపించడానికి వలస చట్టంలో ప్రత్యేకంగా ఒక నిబంధన ఉంది. పక్క బల్ల దగ్గర నిలబడ్డ ఒహాయో ఆసామికి లాయరు ఫీజుతో, జరిమానాతో పోయే పొరపాటు మనకు ఇల్లు, ఉద్యోగం, పిల్లల బడి అన్నిటినీ లాక్కుపోగలదు. అందుకే మన కొలత వారికంటే కాస్త బిగువుగా ఉండాలి. ఇక ముందు చెప్పేదంతా ఆ బిగువు కొలతతోనే.

ఏ తుపాకీ తీసుకెళ్తున్నారు?

ఒకదాని మీద ఒకటిగా రెండు గొట్టాలుండి, మధ్యలో మడత పడే ఓవర్ అండర్ అయితే సగం తలనొప్పి తప్పుతుంది. రెండే తూటాలు పడతాయి, తూటాలు నిల్వ ఉండే మ్యాగజీన్ ఉండదు, తెరిచి ఉందో మూసి ఉందో దూరం నుంచే తెలుస్తుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక తూటా పేల్చి తర్వాతిది తనే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ అయితే ప్రతి రాష్ట్రం నిర్వచనం చదవాల్సిందే. న్యూజెర్సీలో ఆరు తూటాలకు మించి పట్టే మ్యాగజీన్, పిస్టల్ పిడి, మడత పెట్టే మడమ, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ నిషిద్ధ ఆయుధమవుతుంది. ఇల్లినాయ్‌లో 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన నిషేధ చట్టం కూడా కొన్ని సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్లను పట్టుకుంటుంది. గొట్టం 18 అంగుళాల కంటే గానీ, మొత్తం పొడవు 26 అంగుళాల కంటే గానీ తగ్గితే అది వేరే ఫెడరల్ చట్టం కిందికి పోతుంది. దాన్ని రాష్ట్రం దాటించాలంటే ముందుగా అనుమతి కావాలి. ట్రాప్ ఆడేవారి గొట్టాలు సాధారణంగా 30 అంగుళాలకు అటూ ఇటూ ఉంటాయి గనుక ఆ బెడద మనకు రాదు.

సీరియల్ నంబరును ఫొటో తీసి పెట్టుకోండి. దొంగతనం జరిగితే పోలీసులు మొదట అడిగేది అదే.

ఫెడరల్ చట్టం ఇచ్చే గొడుగు, దాని చిల్లులు

1986లో వచ్చిన తుపాకీ యజమానుల రక్షణ చట్టంలో 926ఏ అనే సెక్షను ఉంది. దాని సారం ఇది: మీరు బయలుదేరే చోట తుపాకీ ఉంచుకోవడం, వెంట తీసుకెళ్లడం చట్టబద్ధం కావాలి. చేరే చోటా చట్టబద్ధం కావాలి. మధ్యలో వచ్చే రాష్ట్రం ఏమి చెప్పినా, తుపాకీలో తూటా లేకుండా, తుపాకీ గానీ తూటాలు గానీ కూర్చున్న చోటు నుంచి చేతికి అందకుండా ఉంటే దాటిపోవచ్చు.

కారుకు విడిగా డిక్కీ ఉంటే పని సులువు. మన ఇళ్ల ముందు కనిపించేవేమో ఒడిస్సీలు, సియన్నాలు, హైలాండర్లు. వాటిలో వెనక సామాను చోటు, కూర్చునే చోటు కలిసే ఉంటాయి. అలాంటి బండిలో తుపాకీ, తూటాలు తాళం వేసిన పెట్టెలో ఉండాలి. ముందు సీటు దగ్గరి డ్యాష్‌బోర్డు అర, సీట్ల మధ్య అర ఈ లెక్కలోకి రావని చట్టం ప్రత్యేకంగా చెబుతుంది. బండి ఏదైనా సరే, నేను తుపాకీకి ఒక తాళం పెట్టె, తూటాలకు ఇంకొకటి వాడతాను, రెండూ వెనక భాగంలోనే. ఒకే నియమం అలవాటైతే రాష్ట్రానికో తీరుగా గుర్తుపెట్టుకునే పని ఉండదు.

ఇక చిల్లులు. ఈ చట్టం ప్రయాణానికి రక్షణ ఇస్తుంది, మజిలీకి ఇస్తుందా అన్న దగ్గరే పేచీ. 2005లో యూటాకు చెందిన ఒక ప్రయాణికుడు పిస్తోలును పద్ధతిగా సామానులో వేసి పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌కు విమానం ఎక్కాడు. నెవార్క్‌లో తర్వాతి విమానం తప్పింది. సామాను చేతికిచ్చారు, రాత్రి హోటల్లో పడుకున్నాడు. మర్నాడు ఉదయం విమానాశ్రయానికి వచ్చి, నియమం ప్రకారం, పెట్టెలో తుపాకీ ఉందని తనే చెప్పాడు. అరెస్టు చేశారు. నాలుగు రోజులు జైల్లో ఉన్నాడు. కేసు తర్వాత కొట్టేశారు గానీ, అక్రమంగా అరెస్టు చేశారని వేసిన దావా 2010లో ఫెడరల్ అప్పీలు కోర్టులో ఓడిపోయింది. హోటల్ గదిలో పెట్టె ఆయన చేతికి అందుబాటులోనే ఉంది కాబట్టి 926ఏ రక్షణ లేదన్నారు న్యాయమూర్తులు. ఆ కోర్టు పరిధిలోనే న్యూజెర్సీ, పెన్సిల్వేనియా ఉన్నాయి. చేసిందంతా నిజాయతీగా చేసినవాడికే ఈ గతి పట్టిందని ఈ కేసు చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. కానీ మన దారిని ఆ తీర్పు ఉందనుకునే గీసుకోవాలి.

దారి గీయడం, రాత్రి మజిలీ

కాబట్టి ఈ ప్రయాణంలో అసలు నేర్పు రాత్రి ఎక్కడ పడుకుంటామో ఎంచుకోవడంలో ఉంది. గొడుగు అవసరమే లేని చోట ఆగండి. అంటే, ఆగిన రాష్ట్రంలో తాళం వేసిన షాట్‌గన్‌తో పరాయి రాష్ట్రం మనిషి ఉండటం దానికదే చట్టబద్ధం కావాలి. ఒహాయో, ఇండియానా అలాంటివి. వాటిలో షాట్‌గన్ ఉంచుకోవడానికి ప్రత్యేక అనుమతి పత్రం అక్కర్లేదు. ఉదయం ఐదింటికి ఎడిసన్‌లో బయలుదేరి, 78, 76, 70 నంబర్ల ఇంటర్‌స్టేట్లు పట్టుకుంటే ఒహాయోలోని కొలంబస్ దాటి పడుకోవచ్చు. రెండో రోజు మధ్యాహ్నానికి ఇల్లినాయ్ వస్తుంది.

న్యూజెర్సీ నుంచి బయటపడే వరకు అక్కడి చట్టమే మీ చట్టం. తూటా లేని తుపాకీ, బిగించి మూసిన పెట్టెలో గానీ తాళం వేసిన డిక్కీలో గానీ ఉండాలి. రేంజికి వెళ్లే దారిలో అవసరానికి మించిన మజిలీలు ఉండకూడదు. వెళ్తూ వెళ్తూ ఓక్ ట్రీ రోడ్డులో దోశ తినేసి, పక్కనే మిత్రుడింట్లో పుట్టినరోజు కేకు కూడా కోసి వెళ్దాం అంటే ఆ నియమం దగ్గర ఇబ్బంది. దోశలు ఇంటి దగ్గరే కట్టించుకోండి. తుపాకీ కొనడానికి అనుమతిగా మీ ఊరి పోలీసుల దగ్గర తీసుకున్న ఎఫ్ఐడీ కార్డు పర్సులో ఉండాలి. గ్రీన్ కార్డు ఉన్నవారు దాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని చట్టమే చెబుతుంది.

పెన్సిల్వేనియాలో బండిలో తూటా నింపిన షాట్‌గన్ ఉండకూడదు. ఒహాయోలో ఖాళీగా, మూసిన పెట్టెలో ఉంటే చాలు. ఇల్లినాయ్ వారికి తమ పౌరుల దగ్గర ఫోయిడ్ అనే కార్డు ఉండాలన్న పట్టింపు ఉంది గానీ, పరాయి రాష్ట్రం వారికి తుపాకీ ఖాళీగా పెట్టెలో ఉన్నంతవరకు ఆ కార్డు అక్కర్లేదు. గుర్తింపు ఉన్న రేంజిలో కాల్చేటప్పుడూ అక్కర్లేదు. మనం మొదటే పెట్టుకున్న నియమానికి, అంటే ఖాళీ తుపాకీ, రెండు తాళం పెట్టెలు, రెండూ వెనక అనే పద్ధతికి ఇవన్నీ లోబడే ఉన్నాయి. బయలుదేరే వారం మాత్రం ఆయా రాష్ట్ర పోలీసుల వెబ్‌సైట్లు ఒకసారి చూడండి. శాసనసభలు మన సెలవులు చూసి చట్టాలు మార్చవు.

ఇంకొన్ని చోట్ల జాగ్రత్త. బడికి 1,000 అడుగుల లోపు తుపాకీ తేవడం ఫెడరల్ నేరం. ఖాళీగా తాళం పెట్టెలో ఉంటే మినహాయింపు ఉంది, ఆ తాళం మీద నా పట్టుదలకు ఇదీ ఒక కారణం. పోస్టాఫీసు ఆవరణలోకి, దాని పార్కింగులోకి కూడా వెళ్లకండి. న్యూయార్క్ నగరంలో షాట్‌గన్‌కు కూడా నగరం ఇచ్చే పర్మిటు కావాలి. కనెక్టికట్ వైపు పోటీకి వెళ్లేటప్పుడు జీపీఎస్ మిమ్మల్ని జార్జి వాషింగ్టన్ వంతెన మీదుగా బ్రాంక్స్‌లోకి తోస్తుంది. ఇరవై నిమిషాలు పోయినా ఉత్తరాన మారియో క్యూమో (పాత పేరు టప్పన్ జీ) వంతెన మీదుగా పొండి. డెట్రాయిట్ నుంచి బఫెలో వెళ్లేవారికి కెనడా దగ్గర దారిలా కనబడుతుంది. 926ఏ ఆ సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. కెనడాలో తుపాకీని ముందుగా ప్రకటించి రుసుము కట్టాలి. తుపాకీ బండిలో ఉన్న రోజు నయాగరాను అమెరికా ఒడ్డు నుంచే చూడండి.

హోటల్లో తుపాకీని రాత్రి బండిలో వదలకండి, దొంగలకు తుపాకీ పెట్టెల ఆకారం బాగా తెలుసు. ఓవర్ అండర్‌ను గొట్టం, మడమ విడదీసి పొట్టి పెట్టెలో పెడితే వయొలిన్ పెట్టెలా ఉంటుంది, గదిలోకి తీసుకెళ్తుంటే ఎవరూ తల తిప్పరు.

సర్దేటప్పుడు

తుపాకీ ఖాళీగా ఉందని మీకు తెలుసు అన్నది చాలదు. మడత తెరిచి గొట్టాల్లోంచి వెలుతురు చూడండి. పంప్ తుపాకీ అయితే కింది గొట్టంలో ఒక తూటా దాక్కుని ఉండటం మామూలే, వేలు పెట్టి చూడండి. మడమకు తొడిగే తూటాల పట్టీ ఉంటే తీసి ఖాళీ చేయండి. ఇంట్లో ఇంకొకరి చేత కూడా చూపించండి. మా ఇంట్లో ఆ పని మా ఆవిడది. ఒక్కసారి కూడా తప్పు పట్టుకోలేదని ఆమెకు అసంతృప్తి.

ట్రాప్‌లో ఒక రౌండుకు 25 పళ్లేలు. పెద్ద పోటీలో ఒక రోజుకు 100 లేదా 200 పోతాయి. 12 గేజ్ (గొట్టం వ్యాసపు కొలత) తూటాలో గుళ్ల బరువు ఔన్సున్నర ఉంటే అనుమతించరు, ఒకటీ ఎనిమిదో వంతు ఔన్సు వరకే. గుళ్లు 7½ నంబరు కంటే పెద్దవి ఉండకూడదు. కారులో అయితే తూటాల బరువుకు చింత లేదు.

పోలీసు ఆపితే

వేగానికో, ఆరిపోయిన టెయిల్ లైటుకో ఆపుతారు. ఇంజను ఆపండి, లోపలి దీపం వేయండి, చేతులు స్టీరింగు మీద ఉంచండి. లైసెన్సు ఎక్కడుందో చెప్పి తర్వాత తీయండి. అడగకముందే తుపాకీ కథ మొదలుపెట్టకండి, అడిగితే అబద్ధం ఆడకండి. "వెనక తాళం పెట్టెలో ఖాళీ షాట్‌గన్ ఉంది, పోటీకి వెళ్తున్నాను" అంటే చాలు. మన వాళ్లకు ఈ సమయంలో మాట పెరుగుతుంది, భయంతో అమ్మమ్మ ఊరి దాకా చెబుతారు. బండి వెతకడానికి అనుమతి అడిగితే మర్యాదగా వద్దనడం మీ హక్కు. వారు వెతికినా అడ్డుపడకండి, మిగతాది లాయరు పని. పోటీలో పేరు నమోదు చేసుకున్న కాగితం, హోటల్ బుకింగ్ ముద్రించి పెట్టుకుంటే ప్రయాణం ఎక్కడి నుంచి ఎక్కడికో చూపడానికి పనికొస్తాయి.

చేరాక

స్పార్టాలో తుపాకులు అమ్మే దుకాణాలు బారులు తీరి ఉంటాయి. పరాయి రాష్ట్రంలో లైసెన్సు ఉన్న డీలరు దగ్గర షాట్‌గన్ కొనవచ్చు గానీ, రెండు రాష్ట్రాల చట్టాలకూ సరిపోవాలి. పార్కింగులో పరిచయమైన పెద్దమనిషి "నగదు ఇవ్వండి, పట్టుకెళ్లండి" అంటే వద్దనండి. వేర్వేరు రాష్ట్రాల మనుషుల మధ్య డీలరు లేకుండా జరిగే అమ్మకం ఇద్దరికీ నేరం. ఆట కోసం తాత్కాలికంగా అరువివ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది, తీసుకునే వ్యక్తి అర్హుడైతే. వీసా సంగతి ఇక్కడ మళ్లీ గుర్తుచేసుకోండి.

విమానంలో అయితే

స్పార్టాకు దగ్గరి పెద్ద విమానాశ్రయం సెయింట్ లూయిస్. నేరుగా వెళ్లే విమానమే కొనండి, నెవార్క్ కథ తెలుసు కదా. క్వీన్స్‌లోని రెండు విమానాశ్రయాల జోలికి పోవద్దు, అవి న్యూయార్క్ నగరంలో ఉన్నాయి. తుపాకీ ఖాళీగా, గట్టి పెట్టెలో, తాళంతో, చెక్ చేసే సామానులోనే వెళ్లాలి. కౌంటరు దగ్గర "పెట్టెలో ఖాళీ తుపాకీ ఉంది, ప్రకటించాలి" అనండి. నెమ్మదిగా, పక్కవారు తిరిగి చూడని గొంతుతో అనండి. తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. పెట్టె మూల పట్టుకు లాగితే సందు కనబడే రకమైతే వెనక్కి పంపుతారు, కాబట్టి అన్ని కన్నాలకూ తాళాలు వేయండి. తూటాలను అట్ట, చెక్క, ప్లాస్టిక్ లేదా లోహపు డబ్బాలోనే పెట్టాలి. చాలా విమాన సంస్థలు 11 పౌండ్లకే ఒప్పుకుంటాయి, అంటే 12 గేజ్‌లో దాదాపు 100 తూటాలు, ఒక పూట ఆట. మిగతావి అక్కడ దొరికే ఏర్పాటు ఏమిటో నిర్వాహకులను ముందే అడగండి. రైలుకు ఆమ్‌ట్రాక్‌లో చెక్ చేసే సామాను ఉన్న మార్గాల్లో వీలుంది, 24 గంటల ముందు ఫోను చేయాలి. గ్రేహౌండ్ బస్సులో అసలు కుదరదు.

తిరిగి వచ్చాక

వచ్చిన దారినే అదే పద్ధతిలో రండి. ఇంటికి చేరాక అలసటతో అందరూ వదిలేసే పని ఒకటుంది. షూటింగ్ కోటుకు లోతైన జేబులుంటాయి, సంచికి తెలియని అరలుంటాయి. వాటిలో ఒక తూటా మిగిలిపోతుంది. డిసెంబరులో అదే సంచి సర్దుకుని హైదరాబాద్ విమానం ఎక్కుతారు. రావడం సాఫీగా జరిగినా, తిరుగు ప్రయాణంలో శంషాబాద్ స్కానరులో అది కనబడితే 1959 నాటి ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, తుపాకీ అమెరికాలో ఉందన్న జవాబు ఆ రాత్రికి పనికిరాదు. అందుకే రేంజి సంచి రేంజికే. కోటు జేబులు లోపలి గుడ్డ బయటికి వచ్చేలా తిప్పి, గరాజు నేల మీద గట్టిగా దులపండి. పోయినసారి నాకు రెండు తూటాలు, ఒక ఇయర్ ప్లగ్, ఎప్పుడో కట్టించుకున్న దోశ రసీదు దొరికాయి.